దుర్గాబాయి దేశ్‌ముఖ్: పల్లె పిల్లల బాలవాడీలకు సర్కారు సొమ్ము తెచ్చిన ఆమెకూ, మీ పాప డే కేర్‌కూ ఏమిటి సంబంధం?

బిడ్డకు ఆరు నెలలు నిండాయి. ప్రసూతి సెలవు అయిపోయింది. సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్లాలి. ఊరి నుంచి అమ్మనో అత్తగారినో పిలిపించాలా? ఆయాను పెట్టుకోవాలా? అపార్ట్‌మెంట్ కింద కొత్తగా తెరిచిన డే కేర్‌లో చేర్పించాలా? హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉద్యోగం చేసే దంపతుల్లో చాలామంది ఏదో ఒక రాత్రి కూర్చుని వేసుకునే లెక్క ఇది.

అదే అపార్ట్‌మెంట్ పక్కన కొత్త బిల్డింగ్ లేస్తుంటే, అక్కడ ఇటుకలు మోసే తల్లికి ఆ లెక్క వేసుకునే వీలు కూడా ఉండదు. రెండు కర్రల మధ్య పాత చీరతో ఉయ్యాల కడుతుంది. ఆరేడేళ్ల పెద్దపిల్లను బడి మాన్పించి కాపలా పెడుతుంది. పనిలోకి దిగుతుంది.

ఇద్దరి ప్రశ్నా ఒక్కటే. అమ్మానాన్నా పనికి వెళ్తే పగలు పిల్లల్ని ఎవరు చూడాలి? ఇది ఇంటి సమస్యా, యజమాని బాధ్యతా, ప్రభుత్వం పనా?

స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్నకు ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు పెట్టించి, ఊళ్లో ఆడవాళ్ల చేతికి పని అప్పగించి, ఒక జవాబు కట్టినవారిలో ముందు వరసలో నిలిచే పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. హైదరాబాద్ విద్యానగర్‌లో ఆమె పేరుతో ఆసుపత్రి ఉంది. దిల్లీ మెట్రో పింక్ లైన్‌లో ఒక స్టేషన్‌కు ఆమె పేరు పెట్టారు. ఆ బోర్డులు చూసేవాళ్లలో ఎక్కువమందికి ఆమె స్వాతంత్ర్య సమరయోధురాలని తెలుసు. చిన్నపిల్లల సంరక్షణకూ ఆమెకూ ఉన్న సంబంధం మాత్రం అంతగా తెలియదు.

ఆమె జీవితం ఏమిటి? ఆమె కట్టిన ఏర్పాటు ఎలా పనిచేసింది? అందులో ఏం మిగిలిపోయింది? ఇవాళ మీకు అందులో ఏం దక్కుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎనిమిదేళ్లకు పెళ్లి, పదిహేనేళ్లకు ఒక నిర్ణయం

దుర్గాబాయి 1909 జులై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. భర్త జమీందారీ కుటుంబానికి చెందిన సుబ్బారావు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసు అది.

ఊహ తెలిశాక, పదిహేనేళ్ల ప్రాయంలో, ఆమె కాపురానికి వెళ్లనని తేల్చి చెప్పారు. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల అలా చెప్పడం ఒక ఎత్తు, ఇంట్లోవాళ్లు దాన్ని ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు.

తర్వాతి జీవితమంతా ఆమె చేసిన పనికి వేరు ఇక్కడే ఉందనుకోవచ్చు. పుట్టింటి అండ లేకపోతే ఆ రోజు ఆమెకు వెళ్లడానికి చోటంటూ ఉండేది కాదు. అలాంటి అండ లేని ఆడవాళ్లకూ, వాళ్ల పిల్లలకూ చోటు చూపించడమే ఆమె నడిపిన సంస్థల పని అయింది.

బడి లేదంటే తనే పెట్టుకున్నారు

జాతీయోద్యమం కాకినాడ వీధుల్లోకి వచ్చేసరికి ఆమెకు పన్నెండేళ్లు కూడా లేవు. హిందీ నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. అది బాలికల హిందీ పాఠశాల అయింది. సొంత తల్లి కూడా అక్కడ నేర్చుకున్నారు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలనూ, పరదా చాటున ఉండే ముస్లిం మహిళలనూ ఆయన సభకు తీసుకురావాలని ఆమె పట్టుబట్టారు. నిర్వాహకులు విరాళం సమకూరిస్తేనే సమయం ఇస్తామన్నారు. ఆ మహిళలే డబ్బు పోగుచేశారు. సభ జరిగింది. గాంధీజీ హిందుస్తానీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది ఈ అమ్మాయే.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సంగతి చాలామందికి తెలిసిందే. ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ దుర్గాబాయి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. టికెట్ కొన్నాకే వదిలారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే నెహ్రూ ప్రభుత్వంలో ఆమె ఖజానా సొమ్ముకు లెక్క చెప్పే కుర్చీలో కూర్చున్నారు.

జైలు, చదువు, ఒక హాస్టల్ కథ

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. 1930 నుంచి 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైల్లో ఏకాంత నిర్బంధంలో ఉంచారు. బయటికొచ్చేసరికి ఆరోగ్యం దెబ్బతింది. అప్పుడు చదువు వైపు తిరిగారు.

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్ పాసయ్యారు. డిగ్రీకి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అక్కడ అమ్మాయిలకు హాస్టల్ లేదు. హాస్టల్ లేనప్పుడు ఆడపిల్లలను ఎలా చేర్చుకుంటామన్నది విశ్వవిద్యాలయం ఇబ్బంది. దానికి ఆమె చేసిన పని గమనించాలి. పత్రికలో ప్రకటన ఇచ్చారు. చదువుకోవాలని ఉన్న అమ్మాయిలను పోగుచేశారు. అందరూ కలిసి ఇల్లు తీసుకుని తామే హాస్టల్ నడుపుకొన్నారు. ఇక కాదనడానికి కారణం లేకుండా పోయింది.

రాజనీతిశాస్త్రం చదివారు. తర్వాత మద్రాసులో లా పూర్తిచేసి, 1942 నుంచి ప్రాక్టీసు పెట్టారు.

వసతి లేదని చెప్పి ఆడవాళ్లను పక్కన పెట్టడం ఎంత తేలికో ఆమె స్వయంగా చూశారు. ఇవాళ ఆఫీసులో క్రెష్ లేకపోవడం కూడా అలాంటి వసతి లేకపోవడమే. ఎవరూ ఉద్యోగం మానమని చెప్పరు. బిడ్డను వదిలే చోటు లేక తల్లే మానేస్తుంది.

ఆంధ్ర మహిళా సభ ఏం చేసింది?

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చిన్నపిల్లల సంఘంగా మొదలైన కార్యక్రమం, ఆ పిల్లల తల్లులు కూడా రావడంతో పెద్దదైంది. చదువు మధ్యలో ఆగిపోయినవారికి, భర్త పోయినవారికి, భర్త వదిలేసినవారికి తరగతులు పెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టేవారు. చేతిపనులు నేర్పేవారు. తర్వాత ఆసుపత్రి, నర్సుల శిక్షణ, బడులు వచ్చాయి. ఆంధ్ర మహిళ పేరుతో తెలుగు పత్రికా నడిపారు. సభ తర్వాత హైదరాబాద్‌కూ విస్తరించింది.

ఈ అనుభవం నుంచే రెండు సంగతులు ఆమె తర్వాతి విధానాల్లోకి వెళ్లాయి. ఒకటి, ఆడవాళ్లకు చదువో పనో ఇవ్వాలంటే వాళ్ల పిల్లలను విడిగా చూడలేం. రెండోది, విరాళాల మీద నడిచే సంస్థకు దాత మనసు మారితే ఆ నెల జీతాలుండవు. మంచి మనసు ఉన్నచోట సేవ ఉంటుంది, లేనిచోట ఉండదు. దానికి ప్రభుత్వ డబ్బు తోడవ్వాలి.

రాజ్యాంగం చిన్నపిల్లల గురించి ఏమంది?

1946లో మద్రాసు నుంచి దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో చోటు దక్కిన ఏకైక మహిళ ఆమె. సవరణల మీద సవరణలు ప్రతిపాదిస్తూ చర్చల్లో చురుగ్గా పాల్గొన్నారు.

ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలో మన విషయానికి సంబంధించినవి రెండు అధికరణలు. 42వది పనిచోట మానవీయమైన పరిస్థితులు, ప్రసూతి సాయం ప్రభుత్వం చూడాలంటుంది. 45వది మొదట రాసినప్పుడు, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ పదేళ్లలోగా ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలంది. ఏ వయసు నుంచి అన్నది అందులో రాయలేదు. అంటే ఆరేళ్లలోపు పిల్లలూ అందులోకి వచ్చేవారు.

2002లో 86వ సవరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువు 21ఏ అధికరణ కింద ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య మాత్రం 45వ అధికరణలోనే ఆదేశిక సూత్రంగా ఉండిపోయాయి. తేడా ఏమిటంటే, ఏడేళ్ల పిల్లకు బడి లేదని కోర్టుకు వెళ్లొచ్చు. రెండేళ్ల పిల్లకు క్రెష్ లేదని అదే హక్కుతో వెళ్లలేం.

ఎన్నికల్లో ఓడి, బోర్డు కట్టారు

1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఆ తర్వాత ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. సామాజిక సేవల భాగం ఆమె చేతికి వచ్చింది. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నర్ చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. నెహ్రూ సాక్షి సంతకం చేశారు.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సాయానికి రూ.4 కోట్లు కేటాయించారు. ఆ డబ్బును ఎవరు, ఎలా పంచాలి? మామూలుగా అయితే ఒక శాఖ, ఒక ఫైలు, ఒక సెక్షన్ అధికారి. ఆమె ప్రతిపాదించింది వేరు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు దుర్గాబాయే. ప్రభుత్వ డబ్బు, ప్రజా సంస్థల పని, మధ్యలో అధికారులూ సామాజిక కార్యకర్తలూ కలిసి కూర్చునే బోర్డు. 1954లో రాష్ట్రాల్లోనూ సలహా బోర్డులు వచ్చాయి. దాదాపు దశాబ్దం పాటు ఆమె దాన్ని నడిపారు.

బాలవాడీ ఎలా నడిచేది?

కొద్ది రోజుల్లోనే ఒక సంగతి బయటపడింది. సాయం అడుగుతూ దరఖాస్తు పెట్టే సంస్థలు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి. పల్లెల్లో అడిగే సంస్థే లేదు. అడిగినవాళ్లకే ఇస్తే అసలు అవసరం ఉన్నవాళ్లకు రాదు.

అందుకే 1954లో బోర్డు స్వయంగా సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలుపెట్టింది. మొదట జిల్లాకొకటి అన్న లెక్క పెట్టుకున్నారు. ఒక్కో ప్రాజెక్టు కిందికి 25 దాకా పల్లెలు. వాటిని కొన్ని కేంద్రాలుగా విడగొట్టారు. కేంద్రంలో పిల్లలకు బాలవాడీ, గర్భిణులకు, బాలింతలకు మంత్రసాని సాయం, ఆడవాళ్లకు అక్షరాలు, కుట్టుపని. చూసుకోవడానికి గ్రామసేవిక. నడిపే కమిటీలో స్థానిక మహిళలే ఎక్కువ. ఖర్చులో బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం, ఊరు తలా కొంత భరించాలి.

ఇందులో తెలివైన సంగతి ఒకటుంది. తల్లి ఒకచోటికి, పిల్ల మరోచోటికి వెళ్లనక్కర్లేదు. బిడ్డ ఆడుకునే వసారా పక్కనే తల్లి అక్షరాలు దిద్దేది.

అయితే పల్లెలో ఉండి పనిచేయడానికి చదువుకున్న అమ్మాయిలు ఎక్కడి నుంచి వస్తారు? పట్నం నుంచి పంపితే ఉండరు. అందుకని 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టారు. చదువు ఆగిపోయిన మహిళలను రెండు మూడేళ్లలో పరీక్ష పాసయ్యేలా చేసి, గ్రామసేవికలుగా, టీచర్లుగా, నర్సులుగా తయారుచేయడం దాని ఉద్దేశం. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ చేసిన పనే దేశవ్యాప్త పథకమైంది. అదే ఏడాది కేంద్రం మహిళా విద్యపై జాతీయ కమిటీ వేసి, ఆమెనే అధ్యక్షురాలిని చేసింది.

మరి అంగన్‌వాడీని ఎవరు మొదలుపెట్టారు?

దీనిపై కాస్త స్పష్టత అవసరం. అంగన్‌వాడీని దుర్గాబాయి కనిపెట్టలేదు. పిల్లలు కేంద్రానికి రాకపోతే కేంద్రమే వాళ్ల వాకిలికి వెళ్లాలన్న ఆలోచనను ఆచరణలో పెట్టినవారు తారాబాయి మోదక్. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలోనూ, తర్వాత కోస్‌బాడ్ కొండల్లో వార్లీ గిరిజనుల మధ్యా ఆమె, అనుతాయి వాఘ్ కలిసి చేసిన ప్రయోగాల నుంచి ఆ నమూనా వచ్చింది.

దుర్గాబాయి చేసింది వేరే పని. అలాంటి కేంద్రాలు ఒకరిద్దరు త్యాగమూర్తుల మీద ఆధారపడకుండా, ప్రణాళికలో పద్దు, జిల్లాలో కమిటీ, ఊళ్లో సేవిక ఉండేలా ఒక యంత్రాంగం నిలబెట్టారు. ఆలోచన ఎంత గొప్పదైనా నెల నెలా డబ్బు రాకపోతే కేంద్రం మూతపడుతుందని మహిళా సభ నడిపిన ఆమెకు తెలుసు.

ఆ ఏర్పాటులో లోపం ఎక్కడుంది?

ఆమె మీద గౌరవం ఉంచుకునే ఈ ప్రశ్న వేయాలి. ఎందుకంటే ఇవాళ మన ఇబ్బందులు కొన్ని అక్కడి నుంచే వచ్చాయి.

మొదటిది గంటలు. బాలవాడీ అసలు ఉద్దేశం పిల్లలకు ఆట, పాట, శుభ్రత, బడికి ముందు అలవాటు. అది రోజులో కొద్ది గంటల పని. పొలానికి వెళ్లే తల్లి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి వస్తుంది. మధ్యాహ్నానికి మూసేసే కేంద్రం ఆమె పిల్లకు మేలు చేస్తుంది గానీ, ఆమె పని గంటలకు సరిపోదు.

రెండోది వయసు. బాలవాడీకి వచ్చేది నడిచి, మాట్లాడే పిల్లలు. చంటిబిడ్డ సంగతి ఇంటికే వదిలేశారు. పనికి వెళ్లే తల్లికి అసలు కష్టం మొదటి మూడేళ్లలోనే.

మూడోది జీతం. స్థానిక మహిళల సేవాభావం మీద ఏర్పాటు నిలబడింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అది సహజమే. కానీ సేవ అన్న మాట స్థిరపడిపోయింది. పిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే పని, దానికి పూర్తి జీతం ఎందుకన్న లెక్క ప్రభుత్వాలకు అనుకూలంగా కుదిరింది. ఇవాళ్టికీ అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు ఇచ్చేదాన్ని జీతం అనరు. గౌరవ వేతనం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ సిబ్బంది 42 రోజులు సమ్మె చేశారు. గ్రాట్యుటీ, వేతనం పెంపు వాళ్ల ప్రధాన డిమాండ్లు.

ఆమె తర్వాత ఏమేం మారాయి?

1974లో బాలల జాతీయ విధానం వచ్చింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే మనం చూసే అంగన్‌వాడీ వ్యవస్థ మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పూర్వ ప్రాథమిక విద్య ఒకే చోటికి వచ్చాయి. దేశంలో పిల్లలకు ఇంత పెద్ద ప్రభుత్వ సేవ మరొకటి లేదు. కానీ పై లోపాలు అందులోకీ వచ్చాయి. మూడేళ్లు దాటినవారికి కేంద్రంలో చోటు. అంతకంటే చిన్నవారికి ఇంటికి ఆహారం. తెలుగు రాష్ట్రాల్లో బాలామృతం ప్యాకెట్ అందుకున్న తల్లులందరికీ ఇది తెలుసు. ప్యాకెట్ ఇంటికొస్తుంది. దాన్ని కలిపి తినిపించే మనిషి మాత్రం పనికి వెళ్లి ఉంటుంది.

ఆ ఖాళీని పూరించడానికి 1970ల మధ్యలోనే పనిచేసే తల్లుల పిల్లల కోసం క్రెష్ పథకం విడిగా వచ్చింది. దాన్ని నడిపిన సంస్థల్లో దుర్గాబాయి స్థాపించిన బోర్డు ఒకటి. 1994లో జాతీయ క్రెష్ నిధి ఏర్పాటైంది. 2006లో అన్నీ కలిపి రాజీవ్‌గాంధీ జాతీయ క్రెష్ పథకం అన్నారు. 2017 జనవరి 1 నుంచి అమలు రాష్ట్రాల చేతికి వెళ్లింది. 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అన్న కొత్త పేరు వచ్చింది. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపడం ఇందులో కొత్త సంగతి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసు పిల్లలకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. దేశమంతా కలిపి ఇలాంటివి 17,000 తెరవాలన్నది 2025-26 వరకు పెట్టుకున్న లక్ష్యం. దేశంలో అంగన్‌వాడీలు 13 లక్షలు దాటాయని గుర్తుపెట్టుకుంటే, ఇది ఎంత చిన్న మొదలో అర్థమవుతుంది.

చట్టం యజమానికి ఏం చెప్పింది?

ప్రభుత్వం నడిపే కేంద్రాలు ఒక దారి అయితే, యజమాని మీద బాధ్యత పెట్టడం రెండో దారి. ఇదీ దుర్గాబాయి కాలంలోనే మొదలైంది.

• 1948 ఫ్యాక్టరీల చట్టం: ఆరేళ్లలోపు పిల్లల కోసం క్రెష్ గది ఉండాలంది. మొదట 50 మందికి మించి మహిళలున్న చోట, 1976 సవరణ తర్వాత 30 మందికి మించి ఉన్న చోట.

• 1951 తోటల కార్మికుల చట్టం: 50 మంది మహిళలు పనిచేసే టీ, కాఫీ తోటల్లో క్రెష్ తప్పనిసరి చేసింది.

• 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం: ఇందులోనూ క్రెష్ నిబంధన పెట్టారు. కానీ నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టే వేలమందికి అది అందలేదు. ఇల్లు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు కదా.

• 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం: 50 మందికి మించి మహిళలుంటే పిల్లల గది ఉండాలంది. ఒక్కో సైట్‌లో కాంట్రాక్టర్లు విడివిడిగా మనుషుల్ని పెట్టుకుంటే ఆ సంఖ్య కాగితం మీదికి ఎక్కదు.

• 2005 ఉపాధి హామీ చట్టం: పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వాళ్లను చూడటానికి కూలీల్లోనే ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలంది. పిల్లల్ని చూడటం కూడా కూలి పనే అని చట్టం ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది.

• 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం: ఐటీ కంపెనీలో, బ్యాంకులో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు నేరుగా సంబంధించింది ఇదే. సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే క్రెష్ వసతి ఉండాలి. ఈ 50 మందిలో మగవాళ్లూ లెక్కే. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చు. విశ్రాంతి సమయం కూడా అందులో కలిసే ఉంటుంది.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ 50 మంది నిబంధన, నాలుగుసార్ల హక్కు కొనసాగాయి.

మరి మీరేం చేయొచ్చు?

మీ కంపెనీలో 50 మంది ఉద్యోగులుంటే క్రెష్ ఎక్కడుందని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. తండ్రులు కూడా అడగాలి. తల్లులు మాత్రమే అడిగే వసతిగా ఉన్నంతకాలం, ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటే ఖర్చు ఎక్కువన్న లెక్క యజమానుల మనసులో నుంచి పోదు.

మీ వార్డులో అంగన్‌వాడీతో కలిసిన క్రెష్ ఉందో లేదో అంగన్‌వాడీ టీచర్‌నో, స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు కార్యాలయాన్నో అడగండి. సీడీపీఓ ఆఫీసు అంటే చెబుతారు. మీకు అవసరం లేకపోయినా, మీ ఇంట్లో పనిచేసే ఆమెకు అవసరం ఉండొచ్చు. మీ బిడ్డను చూడటానికి ఆమె వస్తే, ఆమె బిడ్డను ఎవరు చూస్తున్నారన్నది ఎప్పుడైనా అడిగారా?

చివరి రోజులు

1962లో దుర్గాబాయి దిల్లీలో సామాజికాభివృద్ధి మండలి స్థాపించారు. తర్వాతి కాలంలో దేశ్‌ముఖ్ దంపతులు హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడ్డారు. 1975లో భార్యాభర్తలిద్దరికీ ఒకే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. అంగన్‌వాడీలు మొదలైన సంవత్సరమూ అదే. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాది చింతామణ్ దేశ్‌ముఖ్ కూడా వెళ్లిపోయారు.

ఆమె వదిలి వెళ్లిన పద్ధతి ఒక్క వాక్యంలో చెప్పాలంటే: సేవకు మనుషులు ఊళ్లోనే దొరుకుతారు, డబ్బు మాత్రం ప్రభుత్వం పెట్టాలి. ఇందులో మొదటి సగాన్ని మనం బాగా వాడుకున్నాం. లక్షలమంది టీచర్లు, ఆయాలు తక్కువ డబ్బుకు ఈ వ్యవస్థను మోస్తున్నారు. రెండో సగం ఇంకా బాకీ ఉంది. చంటిబిడ్డలకూ చోటు, సాయంత్రం దాకా తెరిచి ఉండే తలుపు, చూసుకునే మనిషికి సరైన జీతం. ఈ మూడూ కుదిరిన రోజున సెలవు ముగిసిన తల్లి ఆదివారం రాత్రి ప్రశాంతంగా నిద్రపోతుంది. ఇటుకలు మోసే తల్లి పెద్దపిల్ల కాపలా వదిలి బడికి వెళ్తుంది.